దోమితీల కేక

"మొక్కజొన్న తమాలేలోయ్, వేడివేడి!"

హవానాలో ఆ సందు మలుపు తిరుగుతూనే దోమితీల నిలబడిపోయింది. కేక తనదే. తనింకా నోరు విప్పలేదు.

మేడ కింద నెరేదా బండి, నిండా ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలే పొట్లాలు. దాని మీద స్పీకరు.

"ఇదేంటే నెరేదా! గొంతు ఆపరేషనయ్యాక నేను లేచేదాకా నా సరుకు అమ్మిపెడతానని కదా నా కేక ఫోన్లోకెక్కించుకున్నావు?"

"నువ్విక లేవవనుకున్నానక్కా. అయినా అరుపుకి పట్టా ఉంటుందా?"

"అరుపు పిల్లి తోక తొక్కినా వస్తుంది. తాగొచ్చి నీ మొగుడు పెట్టేవి బొబ్బలు. ఇది కేకే! ఇరవయ్యేళ్లు ఈ సందులో తిరిగి సంపాదించుకున్న కేక!"

మూడో అంతస్తు నుంచి తాడు కట్టిన బుట్ట దిగుతోంది. చూపు ఆనని ఫెర్మీనా అవ్వ కేకను బట్టే బుట్ట దించుతుంది. ఇన్నేళ్లూ అది దోమితీల చేతుల్లోకే దిగింది. ఇప్పుడు నెరేదా చేయి చాచింది.

దోమితీల స్పీకరు ఆపేసి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుంది.

"మొక్కజొన్న తమాలేలోయ్, వేడివేడి!"

గొంతు బొంగురుగా చీలిపోయింది. బుట్ట గాల్లోనే ఆగి, గబగబా పైకి వెళ్లిపోయింది.

"ఎవత్తే అది?" పైనుంచి అవ్వ కసిరింది. "మా దోమితీలని వెక్కిరిస్తోంది?"