పేరు తెలియని పైలట్

“ఆ వారంలో కూలినవి మూడు విమానాలు పెద్దమ్మా,” అంది పరిశోధకురాలు, కంప్యూటర్ తెరను ముసలి దంపతుల వైపు తిప్పుతూ.

ముసలావిడ కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది. యుద్ధం నాటికి ఆమె ఖైదీల ఆసుపత్రిలో నర్సు. పట్టుబడ్డ శత్రు పైలట్‌నొకణ్ణి తలకు దెబ్బతో అక్కడికి తెచ్చారు. అతనికి తన పేరుతో సహా ఏదీ గుర్తులేదు. యూనిఫాం కాలిపోయింది. యుద్ధం ముగిసి ఖైదీల్ని ఇచ్చిపుచ్చుకున్నప్పుడు అతని పేరు ఎవరికీ తెలియక, పిలిచేవాళ్ళే లేకపోయారు. అతనెవరో తెలుసుకోవాలని ఆవిడ అప్పటినుంచీ తిరుగుతూనే ఉంది. అవతలి దేశం తాను పోగొట్టుకున్న విమానాల రికార్డులను ఇన్నాళ్ళకు బయటపెట్టిందని విని ఈ పరిశోధన కేంద్రానికి వచ్చింది.

ఆ తర్వాత అతనేమయ్యాడని అడిగితే మాత్రం ఆవిడ చెప్పలేదు. ఇదివరకు అది చెబితే ఒకరిద్దరు జాలిపడి, తను వినాలనుకున్నదే చెప్పి పంపారట. ఈసారి రికార్డులు చెప్పేదే వినాలట. పాపం పోయి ఉంటాడనుకుని పరిశోధకురాలు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

“పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస అమ్మాయ్,” అన్నాడు పక్కనే కూర్చున్న ఆవిడ భర్త. “ఎదురుగా నేనుంటాను, ఈవిడ ధ్యాసంతా ఆ పైలట్ మీదే.”

“మీకు కుళ్ళుగా లేదా బాబాయ్ గారూ?”

“మొదట్లో ఉండేది. ఇప్పుడు నాకూ వాడెవడో చూడాలనుంది.”

ముసలావిడ మోచేత్తో పొడిచి ఆయన్ని ఊరుకోమంది.

మూడింట్లో ఒకటి రెండు సీట్లది. అందులోని ఇద్దరూ పట్టుబడి, తర్వాత క్షేమంగా ఇల్లు చేరారు. ఇంకొకటి సముద్రంలో పడితే పైలట్‌ను వాళ్ళ దేశపు పడవే కాపాడింది. మిగిలింది ఒక్కటి. అది కొండల్లో కూలింది. పైలట్ జాడ తెలియలేదని రాసి ఉంది.

“మీ పైలట్‌కి పాత దెబ్బలేమైనా ఉండేవా?”

“ఎడమ భుజం దగ్గర ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఎక్స్‌రేలో చూశాను.”

పరిశోధకురాలు ఆ పైలట్ వైద్య వివరాలు తెరిచింది. పైకే చదివింది. చిన్నతనంలో గోడ మీంచి పడి ఎడమ భుజం ఎముక విరిగిందట. ఆ తర్వాత పేరు చదివింది.

ముసలావిడ ఆ పేరును పెదాల మీదే మళ్ళీ మళ్ళీ పలికి చూసుకుంది. కళ్ళనిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు. ఆయన మాత్రం ఈసారి జోకేమీ వేయలేదు.

పైలట్ చెల్లెలు ఇంకా ఉందనీ, ఏ కబురు తెలిసినా చెప్పమని నంబరు ఇచ్చిందనీ రికార్డు చివర ఉంది. వెంటనే కలపమంది ముసలావిడ.

“ఏమని చెప్పను పెద్దమ్మా? ఇన్నేళ్ళూ ఆశగా ఉన్న మనిషికి...”

“నువ్వు కలుపు. మిగతాది నేను చూసుకుంటా.”

అవతల వణికే ఆడగొంతు ఎవరని అడిగింది. తానెక్కణ్ణించి మాట్లాడుతోందో చెప్పి, మీ అన్నయ్య గురించి అంటూ పరిశోధకురాలు ఆగిపోయింది. ముసలావిడ ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని భర్తకు అందించింది.

“మాట్లాడండి, మీ చెల్లెలు.”