కడిగేసిన సీసా

“అది మురిగిపోయిన పిండి కాదయ్యా మగడా! రొట్టె పొంగడానికి అమ్మ ఇచ్చిన పులిసిన పిండి! కొత్త పిండి కలుపుతూ ఇన్నేళ్లూ కాపాడుకొచ్చా!” అక్క అప్పడాల కర్ర ఎత్తింది.

“కంపు కొడుతుంటే సీసా కడిగేశానే…” మొగుడు నసిగాడు.

తెల్లారితే పండగ. అమ్మ ఇద్దరు కూతుళ్లకీ పంచిన ఆ పిండి ఇంకెక్కడైనా ఉంటే చెల్లెలింట్లోనే ఉండాలి. అమ్మ పోయాక ఇద్దరికీ మాటల్లేవు. అక్క బుసలు కొడుతూ వెళ్లి తలుపు బాదింది. వెనకే మొగుడు.

“కాస్త పిండి పడెయ్. నీతో మాట్లాడ్డానికి రాలేదు.”

చెల్లెలు సీసా తెచ్చి ఠక్కున పెట్టింది. “తీసుకుపో, నీదేగా! అమ్మ ఇచ్చింది నిరుడే పాడైంది. బావే నీ సీసాలోంచి గరిటెడు తెచ్చిచ్చాడు.”

అక్క మొగుడి వైపు గిర్రున తిరిగింది. “అంటే అదేంటో తెలిసే కడిగావన్నమాట!”

మొగుడు అప్పటికే గేటు దాటాడు.

“నువ్వేంటే గుడ్లప్పగించి చూస్తావ్? సీసా పట్టుకుని పద. పిండి నువ్వే పిసకాలి. నా చేతులు ఆయన వీపుకి కావాలి!”