సుందరరాజు మైలేజీ

"నాకు ఇరవై ఇచ్చే కారు నీకు పదమూడేమిటి? నడుపుతున్నావా, తోస్తున్నావా?" అని సుందరరాజు భార్య మీద విరుచుకుపడ్డాడు.

తుంటి ఆపరేషనైన అత్తగారిని ప్రతి శనివారం చల్లపల్లి నుంచి బందరు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేది సుప్రియే.

"రోడ్డంతా గుంటలేనండీ," అంది.

"గుంటలు నాకూ ఉన్నాయి. గేరు మార్చడం రాదని చెప్పు."

ఆ శనివారం తనే స్టీరింగు పట్టాడు. తల్లినీ భార్యనీ వెనక కూర్చోబెట్టి, ఏసీ కట్టేసి, మీటరు సున్నాకి తెచ్చాడు. దారిపొడవునా పాఠమే.

"చూడు, నాలుగో గేరులోనే ఉన్నాను. బ్రేకు మీద కాలు పెట్టానా? గుంటొస్తే ఇలా ఎగిరించెయ్యాలి. ఆగితే పెట్రోలు తాగేస్తుంది."

"కాస్త మెల్లగానండీ."

"ముందు నువ్వు నేర్చుకో."

ఆస్పత్రి గేటు దగ్గర కారాపి మీటరు మీద వేలు పెట్టాడు. "ఇరవై ఒకటి! చూశావా?" అంటూ గర్వంగా వెనక్కి తిరిగాడు.

తల్లి అరుపు బయటికి రాకుండా చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. చెంపలు తడిసిపోయాయి. సుప్రియ రెండు చేతులతో ఆమె నడుమును సీటుకి తగలకుండా ఎత్తి పట్టుకుంది.

కొంగు తీసి, ఆమె కోడలితో అంది: "వచ్చేవారం నువ్వే తోలు తల్లీ."