గీత పడిపోయిన చోట

"ఈల వేసినట్టు చప్పుడు చేసే కార్లు మీ దగ్గరికే వస్తాయటగదండీ?" అన్నాడు పెద్దాయన, గుమ్మం బయట చెప్పులు విడుస్తూ.

కార్ల షెడ్డులోకి చెప్పులు విడిచి వచ్చిన మనిషిని ఫణికిరణ్ అంతవరకూ చూడలేదు. నవ్వు ఆపుకుని కుర్చీ చూపించాడు. ఏలూరు బైపాస్ పక్కన టర్బో కార్లు ట్యూన్ చేసేది తనొక్కడే. ఆ ఈల ఇంజన్ లోకి గాలి నెట్టే టర్బోదేననీ, యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిపోయిన గాలి అలా బయటికి పోతుందనీ చెప్పాడు. పెద్దాయన బడిపిల్లాడిలా తలూపాడు.

ఆయన పేరు పాపారావు. ఆకివీడు దగ్గర చేపల చెరువులున్నాయి. కొడుకు విజయ్ కుమార్ టర్బో కారు కొన్నాడట. ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ మార్పిస్తానని పట్టుబట్టాడట. ఏది మంచిదో తేల్చుకుందామని ఈయనే బస్సెక్కి వచ్చాడు. భీమవరం, విజయవాడ అన్నీ తిరిగాడట, ఏడాదిగా ఇదే పని అట.

"మావాడికి వేగం కావాలండీ. నాకు మాత్రం అబద్ధం చెప్పనిది కావాలి. బండి ఎక్కడ, ఎలా నడిచిందో నాకు తెలియాలండీ. అది తెలిసేదాకా నాకు నిద్ర లేదు."

ఫణికిరణ్‌కి ఆయన మీద గౌరవం కలిగింది, కాస్త జాలి కూడా. కొడుకు ప్రాణం కోసం ఇన్ని ఊళ్లు తిరిగే తండ్రులు ఎంతమంది ఉంటారు? టీ తెప్పించి ఓపిగ్గా మొదలుపెట్టాడు. కారులో ఉన్న కంప్యూటర్‌నే ఉంచి లోపలి లెక్కలు మార్చడం ఒక పద్ధతి. దాని పక్కన చిన్న డబ్బా తగిలించి, గాలి ఒత్తిడి తక్కువగా ఉందని ఆ కంప్యూటర్‌ని నమ్మించడం రెండోది. పాతది పూర్తిగా పీకేసి కొత్తది కూర్చోబెట్టడం మూడోది.

"మోసం చేసేది వద్దండీ," అన్నాడు పాపారావు.

అయితే మూడోదే అన్నాడు ఫణికిరణ్. దానికి మరపు లేదు. పెడల్ ఎంత నొక్కారో, వేగం ఎంతో, ఏ రోడ్డు మీదో, ఏ తేదీన ఏ నిమిషానో, సెకనుకి యాభైసార్లు రాసుకుంటుంది. ఎవరైనా తుడిచేస్తే ఎలాగని పాపారావు అడిగాడు. కారులో తుడిచినా తన ల్యాప్‌టాప్‌లో ఇంకో కాపీ ఉంటుందనీ, ఇన్నేళ్లలో ఒక్క బండి చరిత్ర కూడా పారెయ్యలేదనీ ఫణికిరణ్ గర్వంగా చెప్పాడు.

"మరి ఇంట్లో అమ్మగారు ఒప్పుకున్నారా అండీ?"

"మా ఆవిడ రాజకుమారికి కార్లంటే భయమండీ. చప్పుడు వినబడితే చాలు, రోడ్డు దిగి గడ్డిలో నిలబడేది."

పెట్టాక ఎలా సరిచూస్తారని పాపారావు అడిగాడు. అక్కడ ఫణికిరణ్‌కి హుషారొచ్చింది. బండి ఓనరే నడుపుతాడు. తను పక్క సీట్లో ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుంటాడు. ఇంజన్‌కి చిన్న మైకు కట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటాడు. లోపల ఏ చిన్న కొట్టుడు శబ్దం వచ్చినా వినబడాలి, బయటి చప్పుడు మాత్రం వినబడకూడదు. కళ్లు తెర మీదే ఉండాలి. తలెత్తితే ఇంజన్ పోతుంది.

రోడ్డు మటుకు కొల్లేరు గట్టుది. ఆదివారం తెల్లవారుజామున. చల్లగాలికి టర్బో మంచి బలం మీద ఉంటుంది.

"ఆ గట్టు మీద నడిపినది ఒకటి చూపించండి. మావాడు తిరిగేదీ ఆ రోడ్డేనండీ."

ఫణికిరణ్ తన దగ్గరున్న వాటిలో మేలైనది తీశాడు. తణుకు బట్టల వ్యాపారి శ్రీకర్ బండి. వచ్చినవాళ్లందరికీ చూపించేది అదే. పెడల్ ఎంత నొక్కారో చూపే ఆకుపచ్చ గీత తెర మీద ఎక్కడా వణకకుండా పైకి ఎక్కింది. పాపారావు కళ్లజోడు పెట్టుకుని, దగ్గరికి జరిగి, వేలితో దాని వెంటే వెళ్లాడు. ఒకచోట ఆ గీత నిలువునా కింద పడింది.

"ఇక్కడ ఎందుకు పడిపోయిందండీ?"

"కుక్క అడ్డొచ్చిందండీ. నేను చూడలేదు, తెర మీదున్నాను. శ్రీకర్ గారే చెప్పారు. ఆ తర్వాత బంపర్ కూడా మార్పించుకున్నారు పాపం."

"బండి ఆపలేదా అండీ?"

రెండు సెకన్ల తర్వాత గీత మళ్లీ పైకి లేచిన చోటు ఫణికిరణ్ చూపించాడు.

"కుక్క కోసం ఎవరు ఆపుతారండీ," అన్నాడు నవ్వుతూ.

పాపారావు నవ్వలేదు. తేదీ పెద్దది చెయ్యమన్నాడు. రెండువేల ఇరవై ఐదు ఏప్రిల్ ఇరవై, ఆదివారం. టైము నాలుగూ యాభై రెండు. ఆ చోటు మ్యాపులో చూపించమన్నాడు. గట్టు మలుపు తిరిగే చోట ఎర్రచుక్క పడింది. ఇదంతా కాగితం మీద వస్తుందా అని అడిగాడు. ఫణికిరణ్ ప్రింటు తీసి, ఉత్సాహంగా అడుగున తన సంతకం కూడా పెట్టి ఇచ్చాడు.

"ఇది చూపిస్తే నమ్ముతారా అండీ?"

"ఎవరైనా నమ్మాల్సిందేనండీ. మీ అబ్బాయి బండీ అక్కడే చూద్దాం. ఆదివారం ఆ వేళప్పుడు గట్టు మీద మనిషన్నవాడు ఉండడు."

"ఈ కాగితంలో ఉన్న ఆదివారం ఈస్టరండీ," అన్నాడు పాపారావు. "చీకటుండగానే తెల్లబట్టలు కట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని ఆ గట్టు మీదే సమాధుల తోటకి నడిచి వెళ్తాం."

ఫణికిరణ్ తెర మీది ఎర్రచుక్క వైపు తిరిగాడు.

పాపారావు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. లేచి గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు తొడుక్కుని వెనక్కి తిరిగాడు. గొంతు పెంచలేదు.

"ఆ కుక్క పేరు రాజకుమారి అండీ."