పలకరింపు ఉద్యోగం

ఫారంలో పద్నాలుగు ప్రశ్నలున్నాయి. పేరు, వయసు దాకా పెద్దాయన బాగానే చెప్పాడు. మొదటి ప్రశ్న అడిగేసరికి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఈ రోజు మీరు ఎంత సంతోషంగా ఉన్నారు బాబాయ్ గారూ? ఒకటి నుంచి పది లోపు ఒక అంకె చెప్పండి," అని ఆమె మళ్లీ అడిగింది, శిక్షణలో నేర్పిన చిరునవ్వు చెదరకుండా.

పెద్దాయన దుప్పటి భుజాల మీదికి లాక్కున్నాడు.

ఆమెకు ఇది కొత్త ఉద్యోగం. ఒంటరివాళ్లను ఇంటికెళ్లి పలకరించే సేవాసంస్థ. కిందటి నెల దాకా ఆమె సోషల్ మీడియా మార్కెటింగ్‌లో ఉండేది. సబ్బులు, దోమల బిళ్లలు, కుండీ మొక్కల ఎరువు, నడుం నొప్పి పట్టీలు, ఏది చేతికిస్తే దాన్ని జనం ఫోన్లలోకి ఎక్కించేది. ఎనిమిదేళ్లు ఎక్కించాక ఒకరోజు అంతరాత్మ మేలుకుంది. అంతరాత్మలు సాధారణంగా ప్రమోషన్ రాని వారంలోనే మేలుకుంటాయి.

"అబద్ధాలు అమ్మి అమ్మి విసుగొచ్చింది. ఇక మనుషులకు పనికొచ్చే పని చేస్తాను," అని ఇంట్లో ప్రకటించింది. మొగుడు టీవీ మీంచి చూపు తిప్పకుండానే శభాష్ అన్నాడు. అత్తగారు మాత్రం, "ఒంటరివాళ్లను పలకరించడానికి అంత దూరం ఎందుకమ్మా, నేను ఇక్కడే ఉన్నాగా," అంది. ఆ మాట ఎవరికీ వినపడలేదు. రాజీనామా కబురు ఫోన్‌లో పెడితే పదకొండు వందల మంది లైకు కొట్టారు. అన్ని లైకులు ఆమె ఏ సబ్బుకీ సంపాదించి పెట్టలేదు.

సంస్థ నడిపే మేడం ఆమెకు ఒక నీలం కోటు, ఫారాల కట్ట ఇచ్చింది. "ఎదుటివాళ్లు ఏడిస్తే భుజం మీద చెయ్యి వెయ్యి. ఫోటో తియ్యడం మాత్రం మర్చిపోకు," అని దీవించి పంపింది.

మొదటి కేసు ఈ పెద్దాయనే. రిటైరైన టైలర్. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లో వెనక గదిలో ఉంటాడు. సంస్థకు ఫోన్ చేసింది తమ్ముడి భార్య. ఆవిడ గుమ్మంలోనే గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

"మూడు వారాలుగా గుండె మాత్రలు ముట్టుకోవట్లేదమ్మా బావగారు. ఇంకో వారం ఇలాగే ఉంటే నా చేతుల్లో లేదన్నాడు డాక్టరు. మా ఆయన కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. ఊహూ, వింటేగా!"

మొదటి ప్రశ్న వదిలేసి ఆమె రెండోదానికి వెళ్లింది. "మీకు మనసు విప్పి మాట్లాడుకునే స్నేహితులు ఎవరైనా ఉన్నారా?"

పెద్దాయన ఇటు తిరిగాడు.

"ఉండేది, ఒక టీచరమ్మ. ఫోన్‌లోనే పరిచయం. నా గులాబీలు మొగ్గలోనే రాలిపోతున్నాయని రాస్తే ఏం చెయ్యాలో చెప్పింది. అప్పట్నుంచి రెండేళ్లు, రోజూ పొద్దున్నే 'మాత్ర వేసుకున్నారా మాస్టారూ?' అని అడిగేది. వేసుకున్నాకే జవాబు రాసేవాణ్ణి. ఉత్తినే వేసుకున్నానని రాస్తే ఇట్టే పట్టేసేది."

"మరి ఇప్పుడు?"

"ఉన్నట్టుండి మాయమైపోయింది. పేరు కొడితే రావట్లేదు. ఈమధ్య ఒంట్లో నలతగా ఉంటోందని అనేది పాపం. పోయే ఉంటుంది." ఆయన దిండు కింద నుంచి ఫోన్ తీశాడు. "పోతే మాత్రం నాకెవరు కబురు చెప్తారు? వాళ్లవాళ్లకు నేనెవర్నని తెలుస్తుంది?"

శిక్షణ పుస్తకంలో దీనికీ ఒక జవాబుంది. ఏడో పేజీ. ఆమె అప్పజెప్పింది.

"ఎప్పుడూ ఎదురుగా చూడని మనుషుల్ని అంతలా నమ్మకూడదు బాబాయ్ గారూ. నిజమైన మనుషులం మేమున్నాం కదా."

పెద్దాయనకు ఒళ్లు మండింది. "నువ్వొచ్చి అరగంటయింది. ఆ కాగితంలోంచి తలెత్తి ఒక్కసారి నా మొహం చూశావా? నిజమైన మనిషివట! ఇదిగో చూడు, మనిషంటే ఈవిడ!" అని ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

టీచరమ్మ రాసినవన్నీ ఆయన ఫోన్‌లోనే ఫోటోలుగా తీసి దాచుకున్నాడు. ప్రతిదానిలోనూ ఒక మూల టీచరమ్మ చిన్న మొహం. నెరిసిన జుట్టు, కళ్లజోడు, కుదురైన నవ్వు.

ఆమె ఒకటి చదివింది. ఇంకొకటి చదివింది. అలా చాలాసేపు చదువుతూనే కూర్చుంది. తర్వాత ఫోన్ తిరిగిచ్చి లేచింది. మిగతా పన్నెండు ప్రశ్నలు అడగలేదు. భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఫోటో ఊసే ఎత్తలేదు. "వెళ్లొస్తాను బాబాయ్ గారూ," అని మాత్రం అంది.

"ఇదేం పలకరింపమ్మా, ఉన్న బాధను ఇంకా రేపి పోతున్నావు!" అని తమ్ముడి భార్య వీధి తలుపు దాకా సణుగుతూ వచ్చింది.

మర్నాడు పొద్దున ఆఫీసు తెరవగానే మళ్లీ ఆవిడే ఫోన్ చేసింది. "ఏం మంత్రం వేశారమ్మా తల్లీ! బావగారు లేస్తూనే మాత్రలేవని అడిగి మరీ వేసుకున్నారు. ఇప్పుడు కాఫీ ఇంకా రాలేదని కేకలేస్తున్నారు!"

మేడం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అందర్నీ హాల్లోకి పిలిచి చప్పట్లు కొట్టించింది. మొదటి కేసులోనే ఒక ప్రాణం నిలబెట్టిన కార్యకర్త సంస్థ చరిత్రలో లేదంది. "చూశారా, మనిషిని బతికించేది ఎదురుగా వెళ్లి పలకరించే మనిషే కానీ ఫోన్లు కాదు," అని ఉపన్యాసమిచ్చి, అదే మాటను వెంటనే ఫోన్‌లో పోస్టు పెట్టమంది. ఆమె పెట్టింది. మధ్యాహ్నానికి రెండు వేల లైకులు దాటాయి.

పోస్టులో ఆమె రాయని సంగతి ఒక్కటే: కుండీ మొక్కల ఎరువు అమ్మడానికి తాను పుట్టించి, ఉద్యోగం మానేసిన రోజు తన చేత్తోనే మూసేసిన ఆ టీచరమ్మ దొంగ ఖాతాను, నిన్న ఆ ఇంటి మెట్ల మీదే కూర్చుని ఆమె మళ్లీ తెరిచింది.