మూడు చందనం సబ్బులు

"ఏమన్నది డాక్టరమ్మ? జల్ది చెప్పే అమ్మా!"

"ఐదేండ్లు నిండినయి, ఏం లేదన్నది బిడ్డా. ఇగ ఏడాదికోసారి కనవడితే సాలంట."

వర్ష ఫోను చెవి దగ్గర పెట్టుకునే వంటింట్లో గిర్రున ఒక చుట్టు తిరిగింది. పెళ్లయి మూడు నెలలు కాలేదు. ఈ మధ్య ఏ చిన్న సంతోషం కలిగినా ఆమెకు ఇలాగే తిరగాలనిపిస్తోంది. కొత్త టీ కప్పులు కొన్నా అంతే, భర్త భానుప్రసాద్ ఉల్లిగడ్డలు కోస్తూ కళ్లు తుడుచుకున్నా అంతే. ఇదైతే చిన్న సంతోషం కాదు. గర్భసంచి క్యాన్సర్ వచ్చి, కరెంట్ పెట్టించుకుని బతికి బయటపడింది తల్లి తిరుపతమ్మ. రేడియేషన్‌ను బోధన్‌లో అందరూ కరెంట్ అనే అంటారు. ఈసారి వర్ష పరీక్ష రాయాల్సి రావడంతో, అత్తను హైదరాబాద్ తీసుకుపోయి చూపించుకొచ్చింది భానుప్రసాదే.

"అయితే ఇగ మా ఇంటికి రా! బోధన్‌ల బస్సెక్కితే కంఠేశ్వర్ ఎంతసేపు?"



"సూద్దాం తియ్యి," అంది తిరుపతమ్మ.

ఎప్పుడూ ఇదే మాట. కూతురు కొత్త కాపురం పెట్టిన రోజు రాలేదు. అంతెందుకు, పెళ్లి బోధన్‌లోనే జరిగినా తలంబ్రాలు పోస్తుంటే పందిట్లోంచి లేచి వెళ్లిపోయింది. వర్ష మనసు చివుక్కుమంది. సాయంత్రం భానుప్రసాద్ వేడివేడి మిర్చీల పొట్లం తెస్తే ఆ బాధ కాస్తా మరిచిపోయింది.

కానీ ఆ వారం నుంచే అతని తీరు మారింది. మోటారు పంపుల దుకాణం మూసి నేరుగా ఇల్లు చేరే మనిషి రోజూ ఆలస్యంగా వస్తున్నాడు. ఒకరోజు కర్చీఫు కోసం అతని బండి డిక్కీ తెరిస్తే మూడు చందనం సబ్బులు, మూడు కొత్త తువ్వాళ్లు కనబడ్డాయి.

"ఇవెవరికి?"

"దుకాణంలకు."

"మోటార్లకు చందనం సబ్బు రుద్ది తానం పోస్తవా?"

అతను నవ్వేసి టీ అడిగాడు. మర్నాటికి డిక్కీ ఖాళీ. అటుగా పనున్నట్టు వర్ష దుకాణానికి వెళ్లి చూసింది. నల్లా దగ్గర అరిగిపోయిన బట్టల సబ్బు ముక్క తప్ప ఏమీ లేదు.

దానికి తోడు కింది వాటాలో ఉండే భీమవ్వ మెట్ల దగ్గర ఆపింది.

"నీ మొగడు జానకంపేట్ల ఎవలింట్లకెళ్లో బయటికొస్తుండె, చేతులు తుడుసుకుంట. బస్సులకెళ్లి సూసిన. ఆ ఇంటామె గేటు దాంక వొచ్చి తోలిచ్చింది. సుట్టాలా?"

"ఆఁ... చుట్టాలే అవ్వా," అని మెట్లెక్కింది వర్ష.

ఆదివారం అతను స్నానానికి వెళ్లినప్పుడు ఫోను వెలిగింది. తెర మీద 'శైలజ, ఎడపల్లి' అని ఉంది. చదవకూడదనుకుంది. చదివింది.

'అన్నా, లోపటి గడియ పెట్టించిన. వెనక తలుపు తీసే ఉంటది. ఎవరూ చూడరు, మొహమాటం వద్దు.'

అన్న అట, అన్న!

శైలజను వర్ష ఎప్పుడూ చూడలేదు. అయినా ఆమెకు నడుం దాటే జడ అల్లింది, మెరిసే ముక్కుపుల్ల పెట్టింది, ఒంటినిండా చందనం వాసన పూసింది. తానే సింగారించిన ఆ మనిషిని తలుచుకుని తానే కుళ్లిపోయింది.

"శైలజ ఎవరు?"

తల తుడుచుకుంటున్న భానుప్రసాద్ చెయ్యి ఆగింది. "ఎడపల్లిల బట్టలు కుడ్తది."

"జానకంపేటల ఆమె ఏం కుడ్తది?"

"భీమవ్వ చెప్పిందా?"

"అంటే నిజమే! సబ్బులు మూడున్నయ్. మూడో ఊరు ఏది?"

"సారంగాపూర్," అనేసి నాలుక కరుచుకున్నాడు. "వర్షా, ఒక్క రోజు ఆగు. నోరు విప్పనని ఒకామెకు మాటిచ్చిన."

"నాల్గో ఆమె గూడ ఉన్నదా!"

పెళ్లికి కొన్న సూట్‌కేసు మంచం మీద పడింది. చీరలు మడత లేకుండానే అందులోకి వెళ్లాయి. వర్ష ఏడుస్తూనే తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, రేపు పొద్దుగాల బోధన్ వస్తున్న. ఇగ మల్ల పోను."

"నువ్వు రాకు బిడ్డా. రేపు నేనే వస్తున్న, నీ ఇంటికి."

వర్ష ఏడుపు ఠక్కున ఆగింది. "నువ్వా? పెండ్లిల తలంబ్రాలకే నిలవడలేదు. ఇప్పుడు నేను యాదికొచ్చిన్నా?"

"యాదికి లేకనా?" తిరుపతమ్మ గొంతు తగ్గింది. "కరెంట్ పెట్టించుకున్నకాంచి కడుపు నా చేతుల్ల లేదే. రోగం పోయింది గని ఇది పోలే. వొచ్చిందంటే ఇంత గూడ ఆగదు. నీ తలంబ్రాలప్పుడు లేసి ఉరికింది గందుకే. బస్సెక్కంది గందుకే."

వర్ష చేతిలోని చీర జారిపోయింది. "నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? సిగ్గయితది. మొన్న డాక్టరమ్మ అడిగి అడిగి చెప్పిచ్చింది. కరెంట్ పెట్టినోళ్లల్ల శానామందికి ఇట్లయితదట. మందులిచ్చింది, ఏం తినాల్నో చెప్పింది. జర నయమే గని, దారిల భయం భయమే."

"మరి ఇంత దూరం ఎట్లొస్తవే అమ్మా?"

"దారి పొడుగూత మూడిండ్లల్ల అల్లుడు నాకు బాత్రూం మాట్లాడి పెట్టిండు బిడ్డా."