ఏడో గురువారం

చెప్పులు వేసుకుంటున్న మారెక్కను పెద్దక్క గడపలోనే నిలేసింది. పెద్దక్క ఆమెకు ఆడబిడ్డ, చౌడప్పకు అక్క. గురువారం పొద్దున్నే పక్క వీధి నుంచి వచ్చి, సాయంత్రం దాకా ఈ ఇంట్లోనే ఉంటుంది.

"మళ్లా గుత్తికి పోతాండావా? ఈ టయంలో ఊర్లు పట్టుకోని తిరిగితే జనాలు ఏమనుకుంటారు మే?"

"అనుకోనీ వదినా. మాటిచ్చినా కదా."

పెద్దక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ మాట చౌడప్పకు ఇచ్చింది. "ఒక్కదానివే బతకడం నేర్చుకోవాల. ఊరికే బతకడం గాదు, సంతోషంగా" అన్నాడాయన. మారెక్క ఏడుస్తూనే తలూపింది. తలూపినంత సులువు కాదని, ఒక్కతే గుత్తికి పోయిన మొదటి గురువారమే తెలిసిపోయింది.

పెళ్లయిన ముప్పై రెండేళ్లలో ఆమె ఒంటరిగా ఉన్నది లేదు. పిల్లలు పుట్టలేదు. గొర్రెల మంద ఉండేది. ముందు ఆయన నడిచేవాడు, వెనక ఆమె. మధ్యలో ఎర్రటి దుమ్ము. మొహాలు కనపడకపోయినా కేకలేసి కబుర్లు చెప్పుకునేవారు. వానల్లేక మేత కోసం పెన్న దాటి ఎంత దూరం పోయినా, ఒక్క తువాలు మీదే ఇద్దరూ సంగటి ముద్ద తినేవారు.

మూడు నెలల కిందట మందను అమ్మేయాల్సి వచ్చింది. దొడ్డి బోసిపోయింది. మారెక్కకు కంటి నిండా నిద్ర లేదు. నడుము నుంచి పాదాల దాకా అలసటే.

మొదటి గురువారం గుత్తిలో బస్సు దిగి, ఎటు పోవాలో తెలియక వచ్చిన బస్సే తిరిగి ఎక్కింది. రెండోసారి బస్టాండు ఎదుట హబీబుల్లా హోటల్లో కూర్చుని ఉగ్గాని, బజ్జీ చెప్పింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "కారం ఎక్కువైంది" అంటూ పక్కకు తిరిగింది. పక్కన ఖాళీ కుర్చీ. మిగిలింది ప్లేటులోనే వదిలేసి లేచింది.

మూడోసారి హబీబుల్లా ఉండబట్టలేక అడిగాడు.

"ఏమ్మా, తోడెవురూ రారా?"

"లేదన్నా. ఒక్కదాన్నే."

ఆయన ఆమె మొహం చూశాడు. ఆ రోజు నుంచి మూల టేబులు ఆమెకే వదిలేసేవాడు.

నాలుగో వారం కొండ దిక్కు నడిచింది. కోట దారిలో మొదటి ద్వారం దాకా ఎక్కి, ఆయాసంతో ఒక రాతి మీద కూలబడింది. తనలో తనే మాట్లాడుకోబోయి, ఎవరైనా చూస్తారేమోనని నోరు మూసుకుంది. గంటసేపు కూర్చోవాలనుకుని పావుగంటకే లేచింది. ఐదో వారమూ అంతే. ఆరో వారం అర్ధగంట ఉండగలిగింది.

ఈ పొద్దు ఏడో గురువారం.

హబీబుల్లా హోటల్లో ప్లేటు ఖాళీ చేసింది. ఇంకో బజ్జీ అడిగి వేయించుకుంది. కొండెక్కి అదే రాతి నీడలో కాళ్లు బార్లా చాపుకుంది. గాలి చల్లగా ఏమీ లేదు, కానీ గాలి ఉంది. కింద వేరుశనగ వేసి వాన కోసం చూస్తున్న చేలు. దూరంగా గాలిమరలు తీరిగ్గా తిరుగుతున్నాయి. గూడ్సు రైలు ఒకటి జంక్షను వైపు పాకుతూ పోతోంది. దాని పెట్టెలు లెక్కపెడుతూ మధ్యలో లెక్క తప్పింది. తప్పినందుకు తనకే నవ్వొచ్చింది. పైకే నవ్వింది.

ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు, గొర్రెలు కాసేటప్పుడు పాడే పదమేదో గొంతులో సన్నగా నడుస్తోంది. చాలాసేపు ఆమెకు ఏ ఆలోచనా లేదు. ఎవరూ గుర్తుకు రాలేదు. మారెక్కకు మారెక్క ఉంటే చాలనిపించింది.

నీడ పక్కకు జరిగి ఎండ పాదాలకు తగిలితే గానీ తెలివి రాలేదు. వెంటనే చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. 'ఛీ, ఇంతసేపు ఎట్ల మర్చిపోయినా?' అనుకుంది. కొండ దిగుతున్నంతసేపూ ఏడ్చింది.

సాయంత్రానికి ఊరు చేరింది. ఆమెను చూసి పెద్దక్క తన ఇంటికి వెళ్లిపోయింది. మారెక్క వాకిట్లో కాళ్లు కడుక్కుని, మొహం కూడా కడుక్కుని, మెల్లగా లోపలికొచ్చింది.

డాక్టరు చెప్పిన గడువులో ఇంకో వారం తరిగిపోయిన సంగతి ఎత్తకుండానే, మంచం మీద నుంచి చౌడప్ప ఎముకలు తేలిన చేయి ఆమె వైపు చాపి, "ఏమే, ఈ పొద్దు నేను మతికి రాకుండా ఎంతసేపున్యావు?" అని ఆశగా అడిగాడు.